ఆదోనిలో పత్తి దొంగతనాలు ఎందుకు తగ్గాయి

ఒకసారి జిల్లా సమావేశంలో పై అధికారి నన్ను లేపి అడిగాడు: "మీ పరిధిలో పత్తి దొంగతనాలు ఇంతగా తగ్గాయి. కారణం ఏమిటి?"

"గట్టి నిఘా సార్," అన్నాను.

చప్పట్లు కొట్టారు. కూర్చున్నాను. నేను చెప్పింది నిజం కాదని లేచి నిలబడ్డప్పుడే నాకు తెలుసు. నిజమేమిటో కూడా కొంత తెలుసు. అది ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాత చాలా ఏళ్లు చెప్పలేదు. నేను చెప్పని ఆ మాట వల్ల ఈరన్న అనే మనిషి, తప్పు చేయకుండానే, ప్రతి పత్తికాలం మా స్టేషను వరండాలో పడుకున్నాడు. అతని భార్య నరసమ్మ ఆ కాలమంతా ఒంటరిగా వేరే జిల్లాలో కూలి చేసుకుంది.

ఉద్యోగం ముగియకముందే, మోకాళ్లు మాట వినక, నేను పోలీసు శాఖ నుంచి తప్పుకున్నాను. యాభై దాటి కొన్నేళ్లే అయింది. కొత్తగా ఎస్సైలుగా చేరుతున్నవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, దొంగతనాలు ఎలా తగ్గించారని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను, అవి ఎవరికీ పనికిరావు. ఏ స్టేషనో కూడా చెప్పను. ఆదోనికి దగ్గర్లోది, అంతవరకు చాలు.

దీపాల వేళకు వచ్చేవాళ్లు

నేను ఎస్సైగా వచ్చేనాటికి ఆదోనిలో పత్తికాలం ఒక మైకంలా ఉండేది. జిన్నింగు మిల్లుల మీంచి లేచిన దూది పోగులు గాలిలో దారి మరిచిపోయినట్టు తిరిగేవి. కరెంటు తీగలకు, వేపకొమ్మలకు, మా టోపీలకు అంటుకునేవి. మార్కెట్ యార్డుకు వెళ్లే రోడ్డు పొడుగునా ఎద్దుల బండ్లు ముందురోజు సాయంత్రానికే వచ్చి ఆగేవి. రైతులు బండ్ల కింద కంబళ్లు పరుచుకునేవారు. ఎద్దులు నెమరేస్తుంటే గంటలు ఉండుండి మోగేవి. తెల్లవారి లేచి చూసుకుంటే ఎవరి బండి వెనకో ఒక మూట ఉండేది కాదు. ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే జరిగినవాటిలా ఉండవు. సగం నిద్రలో ఎవరో చెప్పగా విన్నట్టుంటాయి.

మా స్టేషనులో ఒక అలవాటు ఉండేది. ఎప్పుడో ఒకసారి దొంగతనం కేసులో శిక్ష పడినవాళ్లను మేము కేడీలు అంటాం. పత్తి యార్డుకు రావడం మొదలైన రోజు నుంచి ఆఖరి బండి పోయేదాకా, చుట్టుపక్కల పల్లెల్లోని కేడీలందరూ దీపాలు పెట్టే వేళకు దుప్పటి చంకన పెట్టుకుని స్టేషనుకు రావాలి. వరండాలో పడుకోవాలి. తెల్లవారాక పోవాలి. ఇలా చేయమని ఏ కాగితమూ లేదు. నాకు ముందున్న ఎస్సై చేశాడు, అతనికి ముందున్నవాడూ చేశాడు. అది తప్పని నాకు అప్పుడు తోచలేదు. ఇల్లు మారినప్పుడు గోడకున్న మేకుల్ని ఎవరైనా ప్రశ్నిస్తారా? మన చొక్కా కూడా దానికే తగిలిస్తాం.

ఈరన్నది హాలహర్వి పోయే దారిలో ఒక మెట్ట పల్లె. పెళ్లి కాకముందు, పడుచుతనంలో, ఒక బండి మీంచి పత్తి మూట దించి దొరికిపోయాడు. కొన్నాళ్లు జైల్లో ఉండి వచ్చాడు. మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. దొరకలేదు అని ఇన్నాళ్లూ రాశాను, చెప్పాను. ఇప్పుడు సరిగా చెబుతున్నాను: మళ్లీ చేయలేదు.

అతను వస్తే వరండా కాస్త తేలికయ్యేది. జొన్న రొట్టె, ఉల్లికారం మూటగట్టుకుని వచ్చి, గోడవారన తన చోటు తుడుచుకునేవాడు. మా హెడ్ కానిస్టేబుల్ గుమ్మంలోంచే అందుకునేవాడు.

"ఏమప్పా అల్లుడా, అత్తగారింటికి వస్తివా?"

"అత్తగారింట్లో కోడిని కోస్తారన్నా. ఈడ తాగేకి నీళ్లు గూడ మేమే తెచ్చుకోవాల."

"కోడి కావాల్నంటే దొంగతనం చేసి తేకూడదా?"

"తెస్తును. మీరు పండుకుంటేనే గదా పోయేది. మీరు ఎప్పుడూ మెలకవతోనే ఉంటిరి, నేనేమో గురక పెట్టి నిద్ర పోతాంటి."

అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. మనం పడుకోబెట్టినవాడు మనల్ని నవ్విస్తుంటే అతనికి కష్టమేం లేదనుకోవడం చాలా సులభం. దీన్ని గుర్తుపెట్టుకోండి.

మా సీఐ

నా మొదటి సీఐ నుంచి నేర్చుకున్నది చాలా ఉంది. ఫిర్యాదుకు వచ్చినవాడికి ముందు నీళ్లివ్వమనేవాడు, నీళ్లు తాగేలోపు మనిషి తనకు జరిగింది వరుసలో పెట్టుకుంటాడని. చెయ్యి చేసుకునే కానిస్టేబుల్‌ను అందరి ముందు తిట్టేవాడు కాదు, పక్కకు పిలిచి "నీకు ప్రశ్న అడగడం రాదని ఒప్పుకుంటున్నావు" అనేవాడు. మంచి మనిషి.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు గుడ్డి నమ్మకం. నేరాలు పెరిగితే లోకం చెడిపోయింది, తగ్గితే పోలీసులు బాగా పనిచేశారు. పెరిగినా తగ్గినా ఆ తూకం ఎప్పుడూ మనవైపే మొగ్గేది. నేను వచ్చిన తర్వాత ప్రతి పత్తికాలం మూటలు పోవడం ముందటి ఏడు కన్నా తగ్గుతూ వచ్చింది. ఆయన వరండా వైపు చూసి, "చూశావా, కోరలు పీకిన పాముల్ని బుట్టలో పెట్టుకున్నావు," అనేవాడు. నాకు గర్వంగా ఉండేది.

ఆ మాటలో ఉన్న విషం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కేడీలను వరండాలో పడుకోబెట్టినందువల్లే దొంగతనాలు తగ్గాయంటే, ఆ దొంగతనాలు వాళ్లే చేసేవాళ్లని తీర్పు చెప్పినట్టే. మూటలు పోవడం ఎంత తగ్గితే ఈరన్న అంత దొంగ అవుతాడు. ఏ కోర్టూ ఇవ్వని శిక్ష అది. దానికి అప్పీలు కూడా లేదు.

మేము లేని పత్తికాలం

ఒక ఏడు పత్తి మొదలవుతుండగానే ఈరన్న నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈ పారి నన్ను ఇడిసిపెట్టు సామీ. గుంటూరు పక్క మిరపకాయల కోతకు పోతాం. మేస్త్రి జంటకైతేనే గుడిసె ఇస్తానంటాండాడు. నరసమ్మ పోయిన ఏడు వాళ్లక్కోళ్ల గుడిసెలో ఒక మూల పండుకునె."

"చూద్దాంలే," అన్నాను. చూడనని ఇద్దరికీ తెలుసు.

కానీ ఆ ఏడు మంత్రాలయం వైపు, తుంగభద్ర ఒడ్డున, పుణ్యస్నానాలకు పెద్ద బందోబస్తు పడింది. స్టేషను మొత్తం కదిలింది. ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్లకు వరండా చూసే తీరికలేదు. ఆ పత్తికాలానికి కేడీలను ఇళ్లకు పొమ్మన్నాం. ఈరన్న ఆ వారమే భార్యతో గుంటూరు బస్సు ఎక్కాడు.

నది ఒడ్డున ఉన్నన్నాళ్లూ నాకు ఒకటే బెంగ. పొద్దున పొగమంచులో జనం నీళ్లలోకి దిగుతుంటే, మునిగి లేచిన తలలన్నీ నాకు పత్తి మూటల్లా కనిపించేవి. తిరిగి వచ్చేసరికి ఎన్ని ఫిర్యాదులు ఎదురుచూస్తుంటాయో అనుకున్నాను. తిరిగి వచ్చాను. ఫిర్యాదులు పెరగలేదు. ముందటి ఏడు కన్నా తక్కువే. వరండా ఖాళీ, యార్డు ప్రశాంతం.

ఎమ్మిగనూరు వైపు పనిచేసే మిత్రుణ్ని అడిగాను. వాళ్ల దగ్గర ఈ వరండా అలవాటు ఏనాడూ లేదు. "మా దగ్గర గూడ తగ్గినాయి గదప్పా," అన్నాడు. "నేనేం చేసినానని అడిగితే, ఏం చేయలేదని ఎట్ల చెప్పేది? రోజూ సైకిల్ బీటు అని చెప్పినాను."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతోనే ఆ సంగతి ముగిసిపోయిందనుకున్నాను.

నేను ముందు రాసిన సమావేశం ఆ తర్వాత జరిగింది. ఖాళీ వరండాను కళ్లారా చూసి వచ్చినవాణ్ని, అక్కడ నిలబడి "గట్టి నిఘా సార్" అన్నాను. మర్నాటికి మా వరండా పద్ధతి చుట్టుపక్కల స్టేషన్లకు కూడా మంచిదని మాట వచ్చింది. అంతా అయ్యాక మేమే మానేస్తే బాగుండదు. పత్తి మొదలుకాగానే కేడీలకు మళ్లీ కబురు పెట్టాను.

ఈరన్న దుప్పటితో వచ్చాడు. ఈసారి నవ్వించలేదు.

"మళ్ల ఎందుకు సామీ? పోయిన ఏడు నేను ఈడ ల్యాను. ఏమన్నా పోయినాదా?"

"పైనుంచి ఆర్డరు," అన్నాను.

పైనుంచి ఏ ఆర్డరూ లేదు. ఆ ఏడు నరసమ్మ కడుపుతో ఉండి కూడా కోతకు పోయింది. బిడ్డ అక్కడే పుట్టింది. కోతలు అయిపోయి ఆమె ఊరికి వచ్చేనాటికి పాపకు మెడ నిలిచింది. మర్నాడు సాయంత్రం ఈరన్న దుప్పటి విప్పుతూ, ఎవరితోనో చెప్పినట్టు గోడతో చెప్పాడు: "నా బిడ్డ నన్ను జూసి ఏడిసె."

నేను లోపల కూర్చుని విన్నాను. కాగితాలేవో తిరగేశాను.

మరి ఎందుకు తగ్గాయి

ఉద్యోగం వదిలాక మోకాళ్లు ఊరుకున్న రోజు ఆదోని కొండ మీదికి కొంత దూరం ఎక్కుతాను. సాయంకాలం అక్కడ కూర్చుంటే ఊరు పొగలో తేలుతున్నట్టు ఉంటుంది. మిల్లుల పొగగొట్టాల్లో కొన్ని పనిచేయనివి. రైలు ఎటో పోతుంటుంది. ఆ చప్పుడులో పాత బండ్ల వరుస మళ్లీ కళ్లముందు కడుతుంది, చెదురుతుంది. నా పాత ప్రశ్న అక్కడికి కూడా వస్తుంది.

మొదట తోచేది బండ్లు. ఎద్దుల బండి ముందురోజే వచ్చి పడుకునేది. ట్రాక్టరు, ట్రాలీ ఆటో పొద్దున్నే వచ్చి, కాటా వేసుకుని, మధ్యాహ్నానికి వెళ్లిపోతాయి. పత్తి రోడ్డు మీద నిద్రపోవడం మానేసింది. నిద్రపోని సరుకును దొంగిలించడం కష్టం. దీనికి పోలీసులతో ఏ సంబంధమూ లేదు.

తర్వాత మనుషులు. మా కేసుల్లో దొరికేవాళ్లలో ఎక్కువమంది మీసం వచ్చి పెళ్లి కాని వయసువాళ్లు. మెట్ట పల్లెల్లో ఆ వయసువాళ్లు ఇప్పుడు ఉండరు. బెంగళూరులో మేడలు కడుతుంటారు. వానలు పడని ఏడు దొంగతనాలు పెరుగుతాయని అందరూ అంటారు. నేను చూసినంతలో వానలు పడని ఏడు పెరిగింది బస్సుల్లో జనం. ఆకలి మనిషిని దొంగను చేస్తుందని చెప్పేవాళ్లు, ఆకలి మనిషిని ముందు కూలికి పంపిస్తుందని మరిచిపోతారు.

దొంగిలించే వస్తువులు కూడా మారాయి. ఇత్తడి బిందె, రేడియో, సైకిలు పోయాయని జనం ఏడుస్తూ వచ్చే కాలం నాకు తెలుసు. ఇప్పుడు వాటిని గుమ్మం బయట వదిలేసినా పట్టించుకునేవాడు లేడు. డబ్బు రొంటిన ఉండడం తగ్గి ఫోనులోకి పోయింది. దొంగ కూడా దాని వెనకే ఫోనులోకి పోయాడు. ఒక ముసలాయన ఎవరో ఫోను చేసి అంకెలు చెప్పమంటే చెప్పాడు, ఖాతా ఖాళీ అయింది. మా దగ్గరికి వస్తే, "అది మాది కాదు పెద్దాయనా, కర్నూలులో జిల్లా ఆఫీసుకు పో," అని పంపించాం. ఆ ఏడు మా పరిధిలో నేరాలు మళ్లీ తగ్గాయి. తగ్గుదలలో కొంత ఊరిదైతే, కొంత మా గుమ్మానిది. గుమ్మం దగ్గర తిప్పి పంపినవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

ఒక పత్తి వ్యాపారి ఇదంతా యార్డులో పెట్టించిన కెమెరాల పుణ్యమే అంటాడు. కెమెరాలు రాకముందే తగ్గడం మొదలైందని గుర్తుచేస్తే, "అయితే దేవుడి దయ," అంటాడు. ఆయన మాటా పూర్తిగా కొట్టిపారేయను. వీధి దీపాలు పెరిగాయి, ఆడవాళ్ల చేతికి కాస్త సంపాదన వచ్చింది, పిల్లలు బడిలో ఎక్కువ రోజులు ఉంటున్నారు. మేము కూడా కొన్నిసార్లు నిజంగా దొంగల్ని పట్టుకున్నాం, అది లేదనను. వీటిలో దేని వాటా ఎంతో నాకు తెలియదు. ఎవరైనా తెలుసని గట్టిగా చెబితే వాళ్లకు అందులో లాభం ఏమిటో చూడండి.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడం మన ఉద్యోగంలో ఎవరూ నేర్పరు. ఆ రోజు నేను "తెలియదు సార్, కానీ కేడీలు లేని ఏడు కూడా తగ్గాయి" అని ఉంటే చప్పట్లు ఉండేవి కావు. వరండా ఖాళీ అయ్యేది.

చివరికి ఖాళీ అయింది, మా ఎవరి మంచితనం వల్లా కాదు. నాకు బదిలీ అయ్యాక కొత్తగా వచ్చిన అమ్మాయి ఎస్సై మొదటి సాయంత్రమే వరండాలో దుప్పట్లు చూసి, "వీళ్లెవరు, ఏ కేసు?" అని అడిగిందట. ఏ కేసూ లేదన్నారు. "అయితే ఇళ్లకు పొమ్మనండి," అందట. అంతే. అన్నేళ్ల అలవాటు ఒక్క ప్రశ్నకు పోయింది.

హాలహర్వి బస్సు

ఉగాది వెళ్లాక, కోతకు పోయినవాళ్లు ఊళ్లకు తిరిగి వచ్చారని తెలిసి, హాలహర్వి బస్సు ఎక్కాను. పల్లె అడ్డరోడ్డు దగ్గర దిగి నడిచాను. పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి నోరు తెరుచుకుని పడుంది. దూరంగా ఎండమావుల్లో ఇళ్లు నీళ్ల మీద ఉన్నట్టు ఊగుతున్నాయి. ఎంత నడిచినా ఊరు అంతే దూరంలో ఉన్నట్టనిపించింది. వెనక్కి పోవాలని కూడా అనిపించింది.

ఈరన్న ఇంటి ముందు బండ మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. పక్కన నరసమ్మ చేటలో మిరపకాయలు పోసుకుని తాలుకాయలు ఏరుతోంది. ఆమెతో నేను అంతవరకు ఒక్కసారీ మాట్లాడలేదు.

"ఏం సామీ, మళ్ల పండుకునేకి రమ్మంటావా ఏంది," అన్నాడు ఈరన్న. "ఇప్పుడు నాకు నడుము నొప్పి. ఆడ బండలన్నా మార్పిచ్చినారా?"

"నేనిప్పుడు పోలీసును కాదు ఈరన్నా."

"అయితే కూసో. పోలీసయితే నిలబడే మాట్లాడతాడు."

కూర్చున్నాను. బిడ్డ ఎక్కడుందని అడిగాను. ఎమ్మిగనూరులో బట్టలు కుట్టే పనిలో ఉందన్నాడు. ఆ తర్వాత, వచ్చిన పని చెప్పాను. బందోబస్తు ఏడు ఏం జరిగిందో, సమావేశంలో ఏమన్నానో, పైనుంచి ఆర్డరు అన్నది అబద్ధమని చెప్పాను.

ఈరన్న చేటలోంచి ఒక తాలుకాయ ఏరి పక్కన పడేశాడు. "పోనీలే సామీ. అయిపోయిండేది గదా," అన్నాడు.

నరసమ్మ చేట కింద పెట్టింది.

"అయిపోయిండేది నీకి. నాకి కాలే." నా వైపు తిరిగింది. "ఏటికేడు ఆడ పత్తి పోయేది తగ్గె. ఏటికేడు ఈడ మేం పెద్ద దొంగలయితిమి. ఊర్లో ఏమంటాండిరో తెలుసునా నీకి? 'ఈరన్నను ఆడ కట్టేసినారు, అందుకే యార్డులో మూటలు భద్రంగా ఉండాయి' అని. బడిలో ఎవరి పలక పోయినా ఫస్టు నా బిడ్డ సంచి ఎతికిరి. అది గుంటూరు చేన్లలో పుట్టిన బిడ్డ. దానికి ఆదోని యార్డు యాడుందో గూడ తెల్దు."

"తప్పు నాదమ్మా."

"నాకి సెప్తే ఏమొస్తాది? ఈయప్ప దొంగ కాదని నాకి తెలుసు. తెల్వనోళ్లకి సెప్పు."

ఆమె లేచింది. కొంగు సర్దుకుని ముందు నడిచింది. ఈరన్న "వద్దులేమే," అన్నాడు, కానీ అతనూ లేచాడు. కిరాణా అంగడి ముందు అరుగు మీద కొందరు పెద్దవాళ్లు, బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒకాయన నన్ను చూసి, "ఎవరప్పా?" అన్నాడు.

"పాత ఎస్సై," అంది నరసమ్మ. "ఏందో సెప్పల్లంట. ఇనండి."

సమావేశాల్లో మాట్లాడిన గొంతు నాకు అప్పుడు రాలేదు. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలు చూస్తూ మెల్లగా చెప్పాను.

"ఈరన్నను మా వరండాలో పడుకోబెట్టినందువల్ల ఆదోనిలో దొంగతనాలు తగ్గలేదు. అతను గుంటూరులో ఉన్న ఏడు కూడా తగ్గాయి. అతను దొంగతనం చేయడం లేదని నాకు తెలుసు. తెలిసి, నా పేరు కోసం దాచిపెట్టాను. ఈరన్నా, నరసమ్మా, నన్ను క్షమించండి."

అరుగు చివర కూర్చున్న ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆయప్పకు ఇనపడలే," అంది నరసమ్మ. "మళ్ల సెప్పు. గట్టిగ సెప్పు."

మళ్లీ మొదటినుంచి, గట్టిగా చెప్పాను.